ద్రవాలకు కండక్టివిటీ మీటర్ ఎంచుకోవడం: ద్రవంతో మొదలుపెట్టి మీటర్‌తో ముగించే పద్ధతి

"ఏ కండక్టివిటీ మీటర్ కొనమంటారు?" అని అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఏ ద్రవం? చాలామంది దగ్గర దానికి జవాబు సిద్ధంగా ఉండదు. డిస్‌ప్లే రంగుల్లో ఉండాలా, రీడింగ్ మొబైల్‌లో కనబడాలా అన్నవి మాత్రం ఎప్పుడో తేలిపోయి ఉంటాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది వ్యవహారం.

కండక్టివిటీ అంటే ద్రవం కరెంట్‌ను ఎంత సులువుగా పారనిస్తుందో చెప్పే కొలత. రీడింగ్ చెడేది మీటర్ పెట్టెలో కన్నా సెన్సార్ ద్రవాన్ని తాకే చోట, ఉష్ణోగ్రత లెక్కలో, బిగించిన తీరులో ఎక్కువ. అందుకే ఈ మార్గదర్శిలో పెట్టె గురించి చివర్లోనే మాట్లాడతాను. ముందు ద్రవం, తర్వాత రేంజ్, సెన్సార్, ఉష్ణోగ్రత, మెటీరియల్, బిగించే చోటు. ఈ క్రమం తప్పకండి. ముందు తేలాల్సింది తేలకుండా తర్వాతది కొంటే రెండుసార్లు కొనాల్సి వస్తుంది.

యూనిట్ల గురించి ఒక్క మాట. కండక్టివిటీని సెంటీమీటరుకు ఇన్ని మైక్రోసీమెన్స్ లేదా మిల్లీసీమెన్స్ అని చెబుతాం. పనివాళ్ల మాటల్లో 'సెంటీమీటరుకు' అన్నది ఎగిరిపోతుంది, ఇక్కడా అలాగే రాస్తున్నాను. 1 మిల్లీసీమెన్స్ అంటే 1000 మైక్రోసీమెన్స్. కొన్ని డేటాషీట్లు మీటరు లెక్కన ఇస్తాయి. మీటరుకు 1 సీమెన్స్ అంటే సెంటీమీటరుకు 10 మిల్లీసీమెన్స్. ఇక్కడ పొరబడితే రీడింగ్ పది రెట్లో వంద రెట్లో తేడా కొడుతుంది.

1. ముందు ద్రవం గురించి ఒక కాగితం నింపండి

కేటలాగ్ తెరవకముందే ఈ వివరాలు రాసుకోండి. తెలియనివి ప్లాంట్‌లో అడిగి, కొలిచి నింపండి. ఊహించి రాయకండి.

- ద్రవంలో ఏముంది: ఉప్పులా, ఆమ్లమా, క్షారమా, వీటి మిశ్రమమా?
- మామూలుగా ఉండే కండక్టివిటీ, అతి తక్కువ, అతి ఎక్కువ
- ఉష్ణోగ్రత: మామూలుగా ఎంత, కడిగేటప్పుడు ఎంత?
- ప్రెషర్, ప్రవాహ వేగం, పైపు సైజు, పైపు దేనితో చేసింది
- నూనె, సున్నపు పొర, నాచు, పీచు, ఇసుక, గాలి బుడగలు ఉంటాయా?
- రీడింగ్‌తో ఏం చేస్తారు: చూసి రాసుకోవడమా, వాల్వ్ తెరవడమా, లేక నాణ్యత రికార్డుగా దాచడమా?
- ఎంత తేడా వస్తే మీకు నష్టం?

చివరి ప్రశ్నను చాలామంది ఖాళీగా వదిలేస్తారు. 5 శాతం తేడాతో పని జరిగిపోయే చోట ఖరీదైన సెన్సార్ దండగ. పైపులో నీళ్లు అయిపోయి కాస్టిక్ (కాస్టిక్ సోడా ద్రావణం) మొదలైందని తెలిస్తే చాలు అనుకునే చోట సెన్సార్ ఎంత త్వరగా స్పందిస్తుందో చూడాలి, కచ్చితత్వం రెండో విషయం.

ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే తేలాలి: మీ పనికి కండక్టివిటీ సరైన కొలతేనా? ఇది నీటిలోని అయాన్లన్నిటినీ (కరెంట్ మోసే కణాలను) కలిపి చెబుతుంది, ఏ అయాన్ ఎంత ఉందో చెప్పదు. చక్కెర, ఆల్కహాల్, నూనె లాంటివి అయాన్లుగా విడిపోవు కాబట్టి వాటి మోతాదు దీనికి దొరకదు. బాయిలర్ కండెన్సేట్‌లో (ఆవిరి చల్లబడి మారిన నీటిలో) అమోనియా కలిపి ఉంటే దాని కండక్టివిటీ చాటున క్లోరైడ్ లీకు దాక్కుంటుంది. అందుకే అక్కడ శాంపిల్‌ను అమోనియాను పట్టుకునే కేటయాన్ రెసిన్ పూసల గుండా పంపాక కొలుస్తారు.

ఆమ్ల, క్షారాల గాఢత కొలిచేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం గాఢత పెంచుతూ పోతే కండక్టివిటీ సుమారు 30 శాతం వరకు పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. కాస్టిక్ సోడాకు గది ఉష్ణోగ్రతలో ఈ శిఖరం 15 శాతం దగ్గర ఉంటుంది. అంటే ఒకే రీడింగ్‌కు రెండు గాఢతలు ఉండొచ్చు. మీ పని పరిధి శిఖరానికి పూర్తిగా ఒక పక్కనే ఉంటేనే ఈ కొలత మీద ఆధారపడండి. పరిధి శిఖరం మీదుగా పోతుంటే డెన్సిటీ మీటర్ లాంటి వేరే పద్ధతి చూసుకోవడం నయం.

2. రేంజ్ తేల్చుకోండి

25 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గుర్తు విలువలు:

- అతి శుద్ధ నీరు: 0.055 మైక్రోసీమెన్స్. ఇంతకన్నా తక్కువకు నీరు వెళ్లలేదు, ఎందుకంటే నీరు తానే కొద్దిగా అయాన్లుగా విడిపోతుంది. నిరోధం లెక్కన దీన్నే 18.2 మెగా ఓమ్ నీరు అంటారు
- అదే నీటిని గాలికి తెరిచి ఉంచితే: సుమారు 1 మైక్రోసీమెన్స్
- మామూలు కుళాయి నీరు: వందల మైక్రోసీమెన్స్
- సముద్రపు నీరు: 50 మిల్లీసీమెన్స్ పైచిలుకు
- 1 శాతం కాస్టిక్ సోడా: సుమారు 50 మిల్లీసీమెన్స్
- గాఢమైన ఆమ్లాలు: వందల మిల్లీసీమెన్స్

రేంజ్ రాసేటప్పుడు అందరూ చేసే పని "ఎందుకైనా మంచిది" అని పెద్దది అడగడం. మీ నీరు రోజూ 5 మైక్రోసీమెన్స్ దగ్గర ఉంటే, 0 నుంచి 2000 వరకు రేంజ్ పెట్టుకుని లాభం లేదు. కంట్రోల్ రూమ్‌కు వెళ్లే 4–20 మిల్లీ ఆంపియర్ల సిగ్నల్‌లో రేంజ్ అడుగుకు 4, పైకొసకు 20. ఆ రేంజ్‌లో అది 5 దగ్గర 4.04 చూపిస్తుంది. నీరు రెండింతలు చెడి 10కి చేరినా సిగ్నల్ 4.08 మాత్రమే. కంట్రోల్ రూమ్‌లో ఎవరూ గమనించరు. 0 నుంచి 20 పెడితే అదే మార్పు 8 నుంచి 12కి దూకుతుంది.

మామూలు పరిస్థితికి ఒక రేంజ్, కడిగే సమయానికి ఇంకోటి అవసరమైతే, బయటి సంకేతంతో రేంజ్ మార్చే ట్రాన్స్‌మిటర్లు (సెన్సార్ కొలతను సిగ్నల్‌గా పంపే మీటర్ పెట్టెలు) ఉన్నాయి. ఆ అవసరాన్ని మీ కాగితం మీద ఇప్పుడే రాసిపెట్టండి.

3. సెన్సార్ రకం: అసలు నిర్ణయం ఇదే

రెండు ఎలక్ట్రోడ్ల సెన్సార్

రెండు లోహపు ముక్కల మధ్య ఏసీ వోల్టేజ్ ఇచ్చి ద్రవంలో ఎంత కరెంట్ పారుతుందో చూస్తారు. శుభ్రమైన, తక్కువ కండక్టివిటీ ఉన్న నీటికి దీన్ని మించింది లేదు. ఆర్వో నీరు, డీమినరలైజ్డ్ (ఖనిజాలు తీసేసిన) నీరు, కండెన్సేట్ దీనికి తగినవి.

దీని బలహీనత రెండు చోట్ల బయటపడుతుంది. కండక్టివిటీ బాగా ఎక్కువైతే ఎలక్ట్రోడ్ల ముఖం మీద అయాన్లు పేరుకుంటాయి. దీన్ని పోలరైజేషన్ అంటారు. అప్పుడు రీడింగ్ ఉండాల్సిన దానికన్నా తక్కువ వస్తుంది, ఒక దశ దాటాక ద్రవం ఎంత గాఢమైనా సూచిక కదలదు. ఎలక్ట్రోడ్ల మీద మురికి పొర పట్టినా రీడింగ్ తగ్గుతుంది. ఇది ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే మురికి పట్టిన సెన్సార్ నీరు బాగుందనే చెబుతుంది.

నాలుగు ఎలక్ట్రోడ్ల సెన్సార్

ఇందులో ఒక జత కరెంట్ పంపుతుంది, ఇంకో జత వోల్టేజ్ కొలుస్తుంది. కొలిచే జతలో కరెంట్ దాదాపు పారదు కాబట్టి పోలరైజేషన్, పలుచని మురికి, కేబుల్ నిరోధం రీడింగ్‌ను పెద్దగా కదిలించవు. ఒకే సెన్సార్ పదుల మైక్రోసీమెన్స్ నుంచి వందల మిల్లీసీమెన్స్ వరకు పనిచేయగలదు. ల్యాబ్‌లో రకరకాల శాంపిళ్లు చూసేవాళ్లకు, రేంజ్ విపరీతంగా మారే లైన్లకు నా మొదటి ఎంపిక ఇదే. కానీ మందంగా పొర కట్టే ద్రవంలో ఇదీ లొంగిపోతుంది. ఒక్క ఎలక్ట్రోడ్ మీద పొర, పక్కదాని మీద శుభ్రం అయితే రీడింగ్‌ను నమ్మలేం.

ఇండక్టివ్ సెన్సార్

టొరాయిడల్ అని కూడా అంటారు. ప్లాస్టిక్ లోపల రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి ద్రవంలో కరెంట్ పుట్టిస్తుంది, రెండోది దాన్ని పట్టుకుంటుంది. లోహం ద్రవాన్ని తాకదు. తుప్పు, పోలరైజేషన్ బెడద ఉండదు, పొర పట్టినా చాలావరకు తట్టుకుంటుంది. ఆమ్లాలు, క్షారాలు, మురుగునీరు, పీచు పదార్థంతో నిండిన ద్రవాలకు ఇదే.

తక్కువ కండక్టివిటీలో మాత్రం పనికిరాదు. కొన్ని వందల మైక్రోసీమెన్స్ కన్నా కింద ఉండే నీటికి దీన్ని పెట్టకండి. డేటాషీట్‌లో కింది హద్దు తక్కువే రాసి ఉన్నా, ఆ హద్దు దగ్గర కచ్చితత్వం ఎంతో చూడండి. పైగా దీనికి చోటు ఎక్కువ కావాలి. ఆ సంగతి ఏడో మెట్టులో చెబుతాను.

తేల్చుకోవడానికి:

- 100 మైక్రోసీమెన్స్ లోపు, శుభ్రమైన ద్రవం: రెండు ఎలక్ట్రోడ్లు
- రేంజ్ విశాలం, మురికి తక్కువ: నాలుగు ఎలక్ట్రోడ్లు
- 1 మిల్లీసీమెన్స్ పైన, మురికి లేదా తినేసే ద్రవం: ఇండక్టివ్
- మధ్యలో ఉండి, మురికి ఉందో లేదో తెలియకపోతే: ఒక లోహపు ముక్కను ఆ లైన్‌లో రెండు వారాలు వేలాడదీసి చూడండి. ఏ కేటలాగ్ కన్నా అది నిజం చెబుతుంది

4. సెల్ కాన్‌స్టంట్ లెక్క

ఎలక్ట్రోడ్లున్న సెన్సార్ కొంటున్నవాళ్లకే ఈ మెట్టు. సెల్ కాన్‌స్టంట్ అంటే ఎలక్ట్రోడ్ల మధ్య దూరాన్ని వాటి వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. మీటర్ కొలిచిన కండక్టెన్స్‌ను (ఆ ఎలక్ట్రోడ్ల మధ్య కరెంట్ ఎంత సులువుగా పారిందన్నదాన్ని) దీంతో గుణిస్తే కండక్టివిటీ వస్తుంది.

ఏది ఎందుకు కావాలో ఓమ్‌లలో చూస్తే ఇట్టే అర్థమవుతుంది. సెల్ కాన్‌స్టంట్‌ను కండక్టివిటీతో భాగిస్తే మీటర్‌కు కనబడే నిరోధం వస్తుంది.

అతి శుద్ధ నీటిలో కాన్‌స్టంట్ 1 ఉన్న సెన్సార్ పెడితే నిరోధం 18 మిలియన్ ఓమ్‌ల పైనే. అంత పెద్ద నిరోధం దగ్గర కనెక్టర్‌లో చెమ్మ కూడా రీడింగ్‌లో కలిసిపోతుంది. కాన్‌స్టంట్ 0.01 ఉన్నది పెడితే అదే 1.8 లక్షల ఓమ్‌లకు దిగుతుంది, హాయిగా కొలవొచ్చు. ఇక సముద్రపు నీటిలో కాన్‌స్టంట్ 0.1 పెట్టారనుకోండి. నిరోధం 2 ఓమ్‌లే. పొడవాటి సన్న కేబుల్ నిరోధమే అంత ఉంటుంది. మీరు కొలిచేది నీటినా, తీగనా?

స్థూలంగా ఇలా పట్టుకోండి, తయారీదారు ఇచ్చిన పట్టికతో సరిచూసుకోండి:

- 0.01: అతి శుద్ధ నీటి నుంచి 20 మైక్రోసీమెన్స్ దాకా
- 0.1: 1 నుంచి కొన్ని వందల మైక్రోసీమెన్స్ దాకా
- 1: 10 మైక్రోసీమెన్స్ నుంచి 20 మిల్లీసీమెన్స్ దాకా
- 10: 1 మిల్లీసీమెన్స్ పైన

సెన్సార్ మీద 1.0 అని ఉన్నా అది నామమాత్రపు విలువ. దాంతో వచ్చే సర్టిఫికెట్ మీద 0.987 లాంటి అసలు విలువ ఉంటుంది. ట్రాన్స్‌మిటర్‌లో ఎక్కించాల్సింది దాన్ని. కొత్త సెన్సార్ పెట్టి పాత సంఖ్య మార్చని చోట్లు నేను చాలా చూశాను. ఆ కాగితం పారేయకండి.

5. ఉష్ణోగ్రత: తప్పులకు పుట్టినిల్లు

ఉప్పు నీటి కండక్టివిటీ ఒక్కో డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది. ద్రవం మారకపోయినా, ఎండ తగిలి 10 డిగ్రీలు వేడెక్కితే రీడింగ్ 20 శాతం పెరుగుతుంది. అందుకే మీటర్ ఉష్ణోగ్రత కూడా కొలిచి, 25 డిగ్రీల వద్ద అయితే ఎంత ఉండేదో లెక్కగట్టి చూపిస్తుంది. దీన్నే టెంపరేచర్ కాంపెన్సేషన్ అంటారు.

ఆ 2 శాతం అన్ని ద్రవాలకూ ఒకటి కాదు. ఆమ్లాలకు తక్కువ. అతి శుద్ధ నీటికి 25 డిగ్రీల దగ్గర 5 శాతం పైనే. మీటర్ ఫ్యాక్టరీ నుంచి ఏ సంఖ్యతో వచ్చిందో దాన్నే అలా వదిలేస్తే ఏమవుతుందో చూడండి.

ద్రవం 75 డిగ్రీల వద్ద ఉంది, మీటర్‌లో 2 శాతం ఉంది, ద్రవం అసలు గుణకం (డిగ్రీకి పెరిగే శాతం) 1.7 శాతం. 25 డిగ్రీల వద్ద దాని కండక్టివిటీ 100 అయితే 75 వద్ద 185 అవుతుంది. మీటర్ 50 డిగ్రీలకు 100 శాతం పెరిగిందనుకుని దాన్ని 2తో భాగించి 92.5 చూపిస్తుంది. 7.5 శాతం తప్పు. సెన్సార్‌కు ఎన్ని కాలిబ్రేషన్లు (విలువ తెలిసిన ద్రావణంతో రీడింగ్‌ను సరిచేయడం) చేసినా ఈ తప్పు పోదు, ఎందుకంటే కాలిబ్రేషన్ చేసేది 25 డిగ్రీల దగ్గర.

గుణకం మీరే కనుక్కోవచ్చు:

- మీటర్‌లో కాంపెన్సేషన్ ఆపేయండి
- మీ ద్రవాన్ని 25 డిగ్రీల వద్ద పెట్టి రీడింగ్ రాసుకోండి
- మూత పెట్టి, పని ఉష్ణోగ్రతకు వేడి చేసి మళ్లీ రాసుకోండి. మూత లేకపోతే నీరు ఆవిరై గాఢత మారిపోతుంది
- రెండు రీడింగుల తేడాను 25 డిగ్రీల రీడింగ్‌తో భాగించండి, వచ్చినదాన్ని డిగ్రీల తేడాతో భాగించండి

ఉదాహరణకు 25 వద్ద 40.0, 60 వద్ద 66.6 మిల్లీసీమెన్స్ వచ్చాయి. తేడా 26.6. దాన్ని 40తో భాగిస్తే 0.665, 35తో భాగిస్తే 0.019. అంటే డిగ్రీకి 1.9 శాతం.

శుద్ధ నీటికి ఈ సరళరేఖ లెక్క పనిచేయదు. 25 వద్ద 0.055 ఉన్న నీరు 20 వద్ద 0.042. అందులోని ఉప్పుల వాటా ఒక తీరున మారుతుంది, నీటి సొంత అయాన్ల వాటా ఇంకో తీరున మారుతుంది. ట్రాన్స్‌మిటర్‌లో శుద్ధ నీటికి ప్రత్యేకమైన నాన్‌లీనియర్ కాంపెన్సేషన్ ఉందో లేదో కొనేముందే అడగండి.

మందుల తయారీ నీటి సంగతి వేరు. యూఎస్ ఫార్మకోపియా (అమెరికా మందుల ప్రమాణాల గ్రంథం) 645వ అధ్యాయం ప్రకారం లైన్‌లో చేసే మొదటి దశ పరీక్షకు కాంపెన్సేషన్ లేని రీడింగే వాడాలి. ఉష్ణోగ్రతను విడిగా చూసి దానికి తగ్గ హద్దును పట్టికలో చూస్తారు. 25 డిగ్రీలకు ఆ హద్దు 1.3 మైక్రోసీమెన్స్. అక్కడ కాంపెన్సేషన్ ఆన్ చేసి వదిలేస్తే ఆడిట్‌లో దొరికిపోతారు.

ఉష్ణోగ్రత సెన్సార్ ఎంత త్వరగా స్పందిస్తుందన్నదీ అడగండి. ఇండక్టివ్ సెన్సార్లలో అది ప్లాస్టిక్ లోపల పూడి ఉంటుంది. వేడి కాస్టిక్ పోయి చల్లని నీళ్లు వచ్చిన క్షణంలో ద్రవం మారిపోతుంది, ఉష్ణోగ్రత రీడింగ్ మాత్రం ఇంకా వేడి దగ్గరే ఉంటుంది. ఆ కొద్దిసేపు కాంపెన్సేషన్ లెక్కంతా తప్పు. ఆ రీడింగ్‌తో వాల్వ్ నడిపేవాళ్లు ద్రవాన్ని నేరుగా తాకే లోహపు తొడుగు ఉన్న ఉష్ణోగ్రత సెన్సార్ అడగాలి.

6. తడిసే భాగాల మెటీరియల్

ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు. సెన్సార్ ముఖం, ఇన్సులేటర్, ఓ-రింగ్ మూడింటినీ విడివిడిగా సరిచూడండి. జనం లోహం చూసి ఊరుకుంటారు, చివరికి లీకయ్యేది ఓ-రింగ్ దగ్గర.

- 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్: శుద్ధ నీటికి బాగుంటుంది, హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి పనికిరాదు
- టైటానియం: ఉప్పు నీటికి మంచిది, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దీన్ని తినేస్తుంది
- పీక్, పీవీడీఎఫ్, పీఎఫ్ఏ: ఇండక్టివ్ సెన్సార్ల ఒంటికి వాడే ప్లాస్టిక్‌లు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పీక్ వాడకండి
- ప్రెషర్ హద్దును ఎప్పుడూ ఉష్ణోగ్రతతో కలిపి చదవండి. చల్లగా ఉన్నప్పుడు 10 బార్ తట్టుకున్న ప్లాస్టిక్ వేడిలో తట్టుకోదు

7. ఎక్కడ, ఎలా బిగించాలి

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే చేసిన తప్పు ఒకటి చెబుతాను. అడ్డంగా వెళ్లే పైపుకు సరిగ్గా పైభాగాన సెన్సార్ బిగించాను. పైనుంచి తీయడం సులువని. పగలు బాగానే ఉండేది, రాత్రి ప్రవాహం తగ్గాక రీడింగ్ సున్నాకు పడిపోయేది. ట్రాన్స్‌మిటర్ మార్చాం, కేబుల్ మార్చాం. రెండు వారాల టెన్షన్ తర్వాత తెలిసింది, పైపు పైభాగంలో గాలి నిలబడుతోందని. సెన్సార్‌ను పక్కకు తిప్పితే సమస్య పోయింది.

- నిలువుగా పైకి పారే పైపు అన్నిటికన్నా మంచిది. అందులో గాలి నిలవదు
- అడ్డం పైపు అయితే పక్కన బిగించండి. పైన గాలి, అడుగున మడ్డి
- ద్రవం కదలని మూలలో, పొడవాటి టీ (T ఆకారపు పైపు జాయింట్) లోపల సెన్సార్ పెడితే లైన్‌లో జరిగేది దానికి ఆలస్యంగా తెలుస్తుంది
- రసాయనం కలిపే చోటుకు మరీ దగ్గర వద్దు, కలవని ద్రవం రీడింగ్‌ను ఊపేస్తుంది
- పంపు పీల్చే వైపు కన్నా నెట్టే వైపు మేలు
- లైన్ ఆపకుండా సెన్సార్ తీయాలా? అయితే వాల్వ్‌తో బయటకు లాగే హోల్డర్ ఇప్పుడే అడగండి

ఇండక్టివ్ సెన్సార్ చుట్టూ ద్రవం ఉచ్చులా తిరగాలి. పైపు గోడ దగ్గరైతే ఆ దారి మారిపోతుంది. లోహపు పైపులో రీడింగ్ ఎక్కువ, ప్లాస్టిక్ పైపులో తక్కువ వస్తుంది. ఎంత దూరం కావాలో మాన్యువల్‌లో ఉంటుంది. అంత చోటు లేకపోతే, సెన్సార్ బిగించాక ఆ పైపులోనే కాలిబ్రేట్ చేసి ఇన్‌స్టలేషన్ ఫ్యాక్టర్ (పైపు గోడ ప్రభావాన్ని సరిచేసే సంఖ్య) ఎక్కించండి. బీకర్‌లో చేసిన కాలిబ్రేషన్ అక్కడ చెల్లదు. సెన్సార్ రంధ్రం ప్రవాహం దిక్కుకు ఉండేలా తిప్పడం మరవకండి.

శుద్ధ నీటిని బీకర్‌లోకి పట్టి కొలవకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి నిమిషాల్లో రీడింగ్ పెరుగుతుంది. మూసిన ఫ్లో సెల్‌లో (నీరు పారే చిన్న గదిలో), పారుతుండగానే కొలవాలి.

8. ఇప్పుడు ట్రాన్స్‌మిటర్

ఇక్కడికి వచ్చేసరికి ఎంపిక దానంతటదే ఇరుకైపోయి ఉంటుంది. అడగాల్సినవి:

- మీరు ఎంచుకున్న సెన్సార్ రకాన్ని, సెల్ కాన్‌స్టంట్‌ను ఇది తీసుకుంటుందా?
- గుణకం మార్చుకోవచ్చా? శుద్ధ నీటి కాంపెన్సేషన్ ఉందా? కాంపెన్సేషన్ పూర్తిగా ఆపొచ్చా?
- ఆమ్లాలు, క్షారాలకు గాఢత పట్టికలు ఉన్నాయా? మీ సొంత పట్టిక ఎక్కించొచ్చా?
- అవుట్‌పుట్ 4–20 మిల్లీ ఆంపియర్లా, మోడ్‌బస్, హార్ట్ లాంటి డిజిటల్ పద్ధతా? రెండో అవుట్‌పుట్‌లో ఉష్ణోగ్రత వస్తుందా?
- సెన్సార్ తెగిపోతే సిగ్నల్ ఏ విలువకు పోతుంది? వాల్వ్ నడిపే లైన్లలో ఈ ప్రశ్న తప్పనిసరి
- కేబుల్ గరిష్ఠ పొడవు ఎంత? కేబుల్‌ను మధ్యలో కోసి అతికించొచ్చా?
- పేలుడు ప్రమాదం ఉన్న చోటైతే తగిన సర్టిఫికెట్ ఉందా?

డిజిటల్ సెన్సార్లలో సెల్ కాన్‌స్టంట్, కాలిబ్రేషన్ వివరాలు సెన్సార్‌లోనే ఉంటాయి. ల్యాబ్‌లో కాలిబ్రేట్ చేసి తెచ్చి లైన్‌లో పెట్టేయొచ్చు. సెన్సార్లు ఎక్కువగా ఉన్నచోట ఇది పనికొస్తుంది. ఒక్క సెన్సార్ ఉన్న చోట దానికోసం అదనంగా ఖర్చు పెట్టనవసరం లేదు.

టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) చూపిస్తుందని మురిసిపోకండి. అది వేరే కొలత కాదు, కండక్టివిటీని 0.5 నుంచి 0.7 మధ్య ఏదో ఒక సంఖ్యతో గుణించడమే. 1000 మైక్రోసీమెన్స్ నీరు ఒక మీటర్‌లో లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఇంకోదాంట్లో 700 అనిపించుకోవచ్చు. రెండు మీటర్లు పోల్చేటప్పుడు కండక్టివిటీలోనే పోల్చండి.

9. కాలిబ్రేషన్ ఎలా చేస్తారో కొనేముందే ఆలోచించండి

మీ పని పరిధికి దగ్గర్లో స్టాండర్డ్ ద్రావణం దొరకాలి. పొటాషియం క్లోరైడ్‌తో చేసే 1413 మైక్రోసీమెన్స్, 12.88 మిల్లీసీమెన్స్ ద్రావణాలు 25 డిగ్రీల వద్ద అందరూ వాడేవి. తక్కువ రేంజ్‌కు 84 మైక్రోసీమెన్స్ ఉంది. అంతకు దిగువన తెరిచిన బీకర్‌లో చేసే కాలిబ్రేషన్‌ను నమ్మొద్దు. శుద్ధ నీటి లైన్లలో, సర్టిఫికెట్ ఉన్న ఇంకో మీటర్‌ను అదే ప్రవాహంలో వరసగా పెట్టి పోల్చుకోవాలి.

- సెన్సార్‌ను శుభ్రం చేశాకే కాలిబ్రేట్ చేయండి. మురికి మీద చేస్తే తప్పును స్థిరం చేసినట్టే
- జీరో చూడాల్సింది పొడి సెన్సార్‌తో, గాలిలో
- స్టాండర్డ్‌తోనే ఒకటి రెండుసార్లు కడిగి, తర్వాత కొత్త స్టాండర్డ్ పోయండి
- సెన్సార్ వేడి, ద్రావణం వేడి ఒకటయ్యేదాకా ఆగండి
- ఎలక్ట్రోడ్ల మధ్య బుడగలు పోయేలా సెన్సార్‌ను నెమ్మదిగా తట్టండి
- వాడిన స్టాండర్డ్ సీసాలో తిరిగి పోయకండి
- వచ్చిన సెల్ కాన్‌స్టంట్ పాతదానికి చాలా దూరంగా ఉంటే ఒప్పుకోకండి, కారణం వెతకండి

10. మూడు సందర్భాలు

ఆర్వో ప్లాంట్. లోపలికి వెళ్లే నీరు 600, బయటికి వచ్చేది 12 మైక్రోసీమెన్స్ అనుకోండి. మెంబ్రేన్ 98 శాతం ఆపుతోందని అర్థం. రెండు చోట్లా రెండు ఎలక్ట్రోడ్ల సెన్సార్లే, కానీ లోపలికి సెల్ కాన్‌స్టంట్ 1, బయటికి 0.1. స్పేర్ ఒకటే ఉంచుకుందామని రెండు చోట్లా ఒకే రకం పెట్టేవాళ్లున్నారు. బయటి రీడింగ్ ఊగిసలాడుతుంటే మెంబ్రేన్‌ను తిడతారు.

కూలింగ్ టవర్. కొత్త నీరు 400, టవర్ నీరు 2000 అయితే నీరు సుమారు అయిదింతలు చిక్కబడినట్టు. సున్నం, నాచు రెండూ ఉంటాయి కాబట్టి ఇక్కడ ఇండక్టివ్ మేలు. కాంటాక్ట్ సెన్సార్ (ఎలక్ట్రోడ్లున్నది) పెడితే వారం వారం కడిగే మనిషి ఉండాలి. పొర పట్టి రీడింగ్ తగ్గితే చిక్కబడిన నీటిని బయటికి వదిలే బ్లోడౌన్ వాల్వ్ తెరుచుకోదు, టవర్‌లో ఉప్పులు పేరుకుపోతాయి. వాల్వ్ తెరిచే విలువకు, మూసే విలువకు మధ్య కొంత తేడా పెట్టండి, లేకపోతే వాల్వ్ టపటపా కొట్టుకుంటుంది.

పైపులు, ట్యాంకులు విప్పకుండా లోపలే కడిగే లైన్లు. కాస్టిక్, ఆమ్లం, నీరు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. హైజీనిక్ డిజైన్ ఉన్న ఇండక్టివ్ సెన్సార్, త్వరగా స్పందించే ఉష్ణోగ్రత సెన్సార్, రెండు రేంజ్‌లు మార్చుకునే ట్రాన్స్‌మిటర్ కావాలి. చివరి కడుగు నీటిలో రసాయనం పూర్తిగా పోయిందో లేదో చూడాలంటే ఇండక్టివ్ సెన్సార్ కింది హద్దు మీ నీటి కండక్టివిటీ కన్నా తక్కువ ఉందో లేదో చూసుకోండి. చాలనప్పుడు ఆ ఒక్క చోటికి నాలుగు ఎలక్ట్రోడ్లది పెట్టండి.

11. పెట్టాక వచ్చే తంటాలు, వాటి విరుగుడు

రీడింగ్ సున్నా లేదా దాదాపు సున్నా. ముందు సెన్సార్ తడిసిందా చూడండి. తర్వాత కేబుల్, ఆ తర్వాతే ట్రాన్స్‌మిటర్.

రీడింగ్ నెమ్మదిగా తగ్గుతూ పోతోంది. ఎలక్ట్రోడ్ల మీద పొర. సున్నపు పొరకు పలుచని ఆమ్లం, నూనెకు గోరువెచ్చని సబ్బునీరు, నాచుకు పలుచని బ్లీచ్. బ్లీచ్‌నూ ఆమ్లాన్నీ ఎప్పుడూ కలపకండి, విషపు క్లోరిన్ వాయువు వస్తుంది. ఒకటి వాడాక బాగా కడిగాకే రెండోది. నల్లటి ప్లాటినం పూత ఉన్న ఎలక్ట్రోడ్లను బ్రష్‌తో రుద్దకండి, పూత లేచిపోతుంది.

రీడింగ్ గంతులు వేస్తోంది. బుడగలు, కలవని రసాయనం, లేదా మోటారు కేబుల్ పక్కనే వేసిన సెన్సార్ కేబుల్.

శుద్ధ నీటిలో రీడింగ్ హఠాత్తుగా పెరిగి దిగడం లేదు. సెల్ కాన్‌స్టంట్ 0.01 ఉన్న సెన్సార్‌లో ఎలక్ట్రోడ్ల మధ్య సందు ఇరుకు. రెసిన్ పూస ఒకటి ఇరుక్కుంటే చాలు. సెన్సార్ విప్పి చూడండి. ఏమీ లేకపోతే కనెక్టర్‌లో చెమ్మ, లైన్‌లోకి గాలి పీల్చే లీకు వెతకండి.

స్టాండర్డ్‌లో సరిగ్గా ఉంది, లైన్‌లో తప్పుగా ఉంది. సెన్సార్‌ది తప్పు కాదు. ఉష్ణోగ్రత గుణకం, పైపు గోడ ప్రభావం, గాలి, ఈ మూడూ వరసగా చూడండి.

చేతి మీటర్‌కూ లైన్ మీటర్‌కూ పొసగడం లేదు. ఎవరిది తప్పో తేల్చేముందు రెండిట్లో రెఫరెన్స్ ఉష్ణోగ్రత చూడండి. ఒకటి 25కీ ఇంకోటి 20కీ లెక్కగడుతుంటే ఒకే నీటికి సుమారు 10 శాతం తేడా వస్తుంది, రెండూ సరైనవే అయినా సరే. రెఫరెన్స్ ఒకటే అయితే గుణకాలు పోల్చండి. అవీ ఒకటే అయితే రెండిటి ఉష్ణోగ్రత రీడింగులను మంచి థర్మామీటర్‌తో పోల్చండి. అప్పటికీ తేడా ఉంటేనే రెండు సెన్సార్లనూ శుభ్రం చేసి ఒకే స్టాండర్డ్‌లో ముంచండి.